లయ తప్పే దీపాల లెక్క

క్రిస్మస్ దీపాలను పాటకు ఆడించే ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఏ దీపం ఎప్పుడు ఎంత వెలగాలో రాసిన ఫైలును సీక్వెన్సు అంటారు. లైట్-ఓ-రామా అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత సీక్వెన్సు ఒకటి, ఎక్స్‌లైట్స్ అనే మరోదానిలో చేసిన కొత్తది ఒకటి ఆయన దగ్గర ఉన్నాయి. విడివిడిగా రెండూ చక్కగా ఆడతాయి. పాతదాన్ని మార్చి కొత్తదానితో కలిపితే మాత్రం, పాట సగానికి వచ్చేసరికి దీపాలు వెనకబడుతున్నాయి. ఫైలు చెడిపోయిందా అని ఆయన సందేహం.

ఫైలు చెడలేదు. చెడింది లెక్క. ఆ లెక్క నాకెంతో ఇష్టమైనది కాబట్టి ఎల్‌ఈడీలు, వాటిని నడిపే కంట్రోలర్ల ప్రాథమిక విషయాలు వదిలేసి నేరుగా అందులోకే వెళ్తాను.

సీక్వెన్సు ఫైళ్లు రెండు జాతులు. మొదటి జాతిలో ఆదేశాలుంటాయి: ఫలానా దీపం ఫలానా క్షణంలో వెలగడం మొదలుపెట్టి ఫలానా క్షణానికి పూర్తి వెలుగుకు చేరాలి, అని. లైట్-ఓ-రామా పాత ఫైళ్లు ఇలాంటివే. కాలాన్ని సెకనులో నూరో వంతుల్లోనూ, వెలుగును 0 నుంచి 100 వరకూ రాస్తాయి. రెండో జాతిలో ఆదేశాలుండవు, వాటి ఫలితాలే ఉంటాయి. దీపాలను పాటతో పాటు నడిపే ఫాల్కన్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ ఆడించే ఎఫ్‌ఎస్‌ఈక్యూ ఫైలు ఈ జాతిది.

ఈ రెండో జాతి ఫైలును గళ్ల నోటుబుక్కు అనుకోండి. అడ్డవరుస ఒక్కోటీ ఒక ఛానెల్, అంటే ఒక దీపంలో ఒక రంగు వెలుగు. నిలువు వరుస ఒక్కోటీ ఒక ఫ్రేమ్, అంటే కాలంలో ఒక ముక్క. ప్రతి గడిలో 0 నుంచి 255 లోపు ఒక అంకె. అంతే, ఇంకేమీ లేదు. 10,000 పిక్సెళ్లు, అంటే విడివిడిగా రంగు మార్చుకోగల చిన్న దీపాలు ఉంటే, ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున 30,000 అడ్డవరుసలు. ఫ్రేమ్ 25 మిల్లీసెకన్లయితే సెకనుకు 40 నిలువు వరుసలు. మూడు నిమిషాల పాటకు 21 కోట్ల 60 లక్షల గళ్లు! గడికో బైటు చొప్పున, కుదించకముందు 216 మెగాబైట్లు.

గడిని ఇంకా సన్నగా చేయవచ్చు కదా అంటారేమో. చేయవచ్చు, కానీ దీపాలు అందుకోవాలి. పిక్సెల్‌ను నడిపే డబ్ల్యూఎస్2811 చిప్పుకు ఒక బిట్ పంపడానికి 1.25 మైక్రోసెకన్లు పడుతుంది. పిక్సెల్‌కు 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకన్లు. వరసగా గుచ్చిన దండలో ఒకదాని తర్వాత ఒకటి అందాలి కాబట్టి 25 మిల్లీసెకన్లలో ఒక తీగ మీద దాదాపు 830 పిక్సెళ్లకే సమాచారం చేరుతుంది. గడి వెడల్పు సగం చేస్తే దండ పొడవూ సగమవుతుంది. అందుకే 25, లేదా 50 మిల్లీసెకన్ల దగ్గర చాలామంది స్థిరపడ్డారు.

ఇక అసలు విషయం. నిమిషానికి 128 దెబ్బలు (బీట్లు) పడే పాట తీసుకుందాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య 468.75 మిల్లీసెకన్లు. 25 మిల్లీసెకన్ల గళ్లలో అది 18.75 గళ్లు. ముప్పావు గడి అనేది నోటుబుక్కులో లేదు కాబట్టి 19 గళ్లని రాసుకున్నాం. పోయిందేముంది, 6.25 మిల్లీసెకన్లే కదా! ఏ కన్నూ దాన్ని పట్టుకోలేదు. కానీ మూడు నిమిషాల్లో 384 దెబ్బలున్నాయి. ప్రతి దెబ్బనూ దాని ముందు దెబ్బ నుంచి 19 గళ్లు లెక్కపెట్టి రాస్తే, పాట ముగిసేసరికి దీపాలు 2.4 సెకన్లు వెనకబడతాయి. 50 మిల్లీసెకన్ల గళ్లలో ఇంకా ఘోరం. అక్కడ విరామం 9.375 గళ్లు, దాన్ని 9 అని రాస్తాం. ఈసారి దీపాలు 7.2 సెకన్లు ముందుకు పరుగెడతాయి.

అదే పాట, అదే నోటుబుక్కు. ఈసారి ప్రతి దెబ్బనూ పాట మొదటి నుంచి కొలవండి. నూరో దెబ్బ 46,875 మిల్లీసెకన్ల దగ్గర, సరిగ్గా 1,875వ గడి. నూటొకటో దెబ్బ 1,893.75, అంటే 1,894వ గడి. ప్రతి దెబ్బా తన గడి గీత నుంచి మహా అయితే 12.5 మిల్లీసెకన్లు జరుగుతుంది, అంతకు మించి ఎన్నటికీ జరగదు. తప్పు పోలేదు, పేరుకోవడం మానేసింది. వ్యవధులను రౌండ్ చేయడానికీ, స్థానాలను రౌండ్ చేయడానికీ తేడా ఇంత! బడిలో రౌండ్ చేయడం ఎలాగో నేర్పుతారు. ఎప్పుడు చేయాలో, దేన్ని చేయాలో నేర్పరు. పిల్లలకు ఈ పాట లెక్క ఒక్కటి ఇస్తే చాలు, జీవితంలో మరచిపోరు.

మన పాఠకుడి ఫైలు రెండు నోటుబుక్కులు దాటింది. 468.75 మొదట నూరో వంతుల్లోకి వెళ్లి 470 అయింది, తర్వాత 25ల్లోకి వచ్చి 475 అయింది. వెలుగుదీ ఇదే కథ. 0–255ను 0–100లోకి దించితే రెండు మూడు అంకెలు ఒకే అంకెలోకి పోతాయి, తిరిగి పైకి తెచ్చినా విడిపోవు. మెల్లగా ఆరాల్సిన దీపం మెట్లు దిగినట్టు ఆరుతుంది. కాబట్టి ఎక్స్‌లైట్స్‌లోకి పాత ఫైలును తెచ్చేటప్పుడు వీలైనంతవరకు ఆదేశాల రూపంలోనే తెచ్చుకోవాలి. గళ్లలోకి దించడం చివరి పని, అదీ ఒక్కసారే.

పాటలను ఒకదాని వెనక ఒకటి అతికించినప్పుడూ ఇదే జాగ్రత్త. 187.43 సెకన్ల పాటకు 7,498 గళ్లు కావాలి. చివరి గడిలో 20 మిల్లీసెకన్లు పాట లేకుండా మిగులుతాయి. రెండో పాట ఆడియోలో ఎక్కడ మొదలైతే, గళ్లలోనూ అక్కడి నుంచే కొలవాలి. మొదటి పాట గళ్లు ఎక్కడ ముగిశాయో చూసి కాదు.

ఇలాంటి పనికే వాడే విక్సెన్ 2 అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్ల గురించి ఒక్క మాట. అవి నోటుబుక్కును అడ్డంగా చదువుతాయి: ఒక ఛానెల్ పాట మొత్తం, తర్వాత మరో ఛానెల్. ఎఫ్‌ఎస్‌ఈక్యూ నిలువుగా చదువుతుంది: ఒక క్షణంలో ఛానెళ్లన్నీ, తర్వాత మరో క్షణం. ఆడించే యంత్రానికి కావలసింది రెండోదే.

ఇప్పుడు ఒకే దీపాల మీద రెండు సీక్వెన్సులను పరచడం. ప్రతి గడిలో రెండు అంకెల్లో పెద్దది తీసుకోవడం నాటక రంగపు దీపాల నుంచి వచ్చిన పాత పద్ధతి. తెల్ల దీపాలకు అది అమృతం. రంగులకు పనికిరాదు. ఒకటి ఎరుపు, ఇంకొకటి నీలం అడిగితే ఎవరూ అడగని ఊదా వెలుగుతుంది. పైదాన్ని పెట్టి, అది సున్నా ఉన్నచోట కిందిది కనబడనిద్దామా? అప్పుడు సున్నా అంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. ‘ఇక్కడ చీకటి కావాలి’ అని రాసిన సున్నా, ‘ఇక్కడ నాకేమీ పని లేదు’ అని మిగిలిన సున్నా గడిలో ఒకేలా ఉంటాయి. ఆదేశాల ఫైలులో మాత్రం ఆ తేడా భద్రంగా ఉంటుంది. మిణుకు ఆదేశమూ అంతే. ‘మిణుకుమనిపించు’ అని ఉన్నంతవరకు కంట్రోలర్ ప్రతిసారీ కొత్తగా మిణుకుమనిపిస్తుంది. గళ్లలోకి దిగాక అదే మిణుకు ప్రతి రాత్రీ అచ్చుగుద్దినట్టు వస్తుంది.

కలిపాక రంగులు మారిపోయాయంటే ఛానెళ్ల లెక్క చూడండి. నాటక రంగపు దీపాలను నడిపే డీఎంఎక్స్ పద్ధతి నుంచి వచ్చిన లెక్క ప్రకారం ఒక యూనివర్స్‌కు, అంటే ఒక ఛానెళ్ల కట్టకు, 512 ఛానెళ్లు. మూడుతో భాగిస్తే 170 పిక్సెళ్లు పోగా రెండు ఛానెళ్లు మిగులుతాయి. కొందరు ఆ రెండింటినీ ఖాళీగా వదిలి 510 వాడతారు, కొందరు 512 నిండా వాడతారు. నిండా రాసినదాన్ని 510 లెక్కన ఆడిస్తే ప్రతి యూనివర్స్ దగ్గరా రెండు గళ్లు జరుగుతుంది. పట్టుకోవడం సులువు. దండ మొత్తానికి ఎరుపు పంపండి. మొదటి 170 ఎరుపు, తర్వాతి 170 ఆకుపచ్చ, ఆ తర్వాతి 170 నీలం, నాలుగో యూనివర్స్ మళ్లీ ఎరుపు వచ్చాయంటే బల్బులు, తీగలు విప్పనక్కర్లేదు. రెండు ఫైళ్లలో ఒకదాని యూనివర్స్ పరిమాణం మార్చి మళ్లీ గళ్లలోకి దించితే చాలు.