ముందు నిలబడే తోడు

చీరాల, బాపట్ల వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక పెరట్లో టమాటా నారు నాటి చూడండి. కొన్నాళ్లకు సముద్రం వైపున్న ఆకుల అంచులు మాడతాయి, ఇంటి వైపువి పచ్చగానే ఉంటాయి. తెగులనుకుని మందు కొట్టేస్తుంటారు. అది ఉప్పు. అల విరిగినప్పుడు లేచిన సన్నటి తుంపర గాలిలో తేలొచ్చి ఆకు మీద ఆరిపోతుంది. మిగిలిన ఉప్పు ఆకులోకి దిగి అంచుల దగ్గర పేరుకుంటుంది.

టమాటా పక్కన తులసి, క్యారెట్ పక్కన ఉల్లి అంటూ చేతులు మారే జోడీ మొక్కల జాబితాలు ఈ పెరటికి పెద్దగా పనికిరావు. వాటిలో చాలావాటికి గట్టి రుజువులూ లేవు. తీరంలో మొక్కకు మొదట కావలసింది పక్కనుండే తోడు కాదు, ముందు నిలబడే తోడు.

గోడ కట్టేస్తే పోలా అనిపిస్తుంది. పోదు. గోడను కొట్టిన గాలి పైకి లేచి, అవతల సుడులు తిరుగుతూ దిగుతుంది. సగం గాలిని ఆపి, మిగతా సగాన్ని జల్లెడలా వదిలే దడి మేలు. ఎత్తుకు సుమారు 10 రెట్ల దూరం వరకు దాని చలువ ఉంటుంది. 2 మీటర్ల దడి, పలచగా అల్లితే, 20 మీటర్ల పెరటిని కాస్తుందన్నమాట. ఇదంతా రోజూ వీచే ఉప్పుగాలి సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. అంత గాలికి ఏ దడీ ఆగదు.

మన తీరంలో ఈ జల్లెడ పని సరుగుడుది. ఆకుల్లా కనిపించే ఆ సన్నని పుల్లలు నిజానికి కొమ్మలే. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా మిగిలాయి. వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి వట్టి ఇసుకలోనూ ఏపుగా పెరుగుతుంది. కాపలాకు మంచిదే కానీ ఇరుగుపొరుగుకు కష్టం. రాలిన పుల్లలు మందంగా పేరుకుని కింద మరో మొక్కను లేవనివ్వవు. కూరమడులకూ దానికీ మధ్య బాగా ఎడం ఉంచండి. అలా అని అలల అంచుదాకా జరపకండి, అది తాబేళ్లు గుడ్లు పెట్టుకునే చోటు.

సరుగుడు వెనక కొబ్బరి. దీనికి ఉప్పులోని క్లోరిన్ కీడు కాదు, తిండి. సముద్రానికి దూరంగా పెంచేవాళ్లు పాదులో ఉప్పు వేసేది అందుకే. పైగా చోటిచ్చే చెట్టు. దాని వేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ 2 మీటర్లలోనే ఉంటాయి. 7.5 మీటర్ల ఎడంతో నాటిన తోటలో లెక్క వేస్తే, వేళ్లు గట్టిగా వాడుకునేది నేలలో నాలుగో వంతుకు లోపే. కోనసీమలో కొబ్బరి నీడన కోకో, అరటి, కంద పండటం, మొదలుకు మిరియాల తీగ పాకడం ఈ ఖాళీ పుణ్యమే. వెలుతురు మాత్రం చూసుకోవాలి. నడి వయసు తోటలో నీడ చిక్కన. చెట్లు ఎత్తు పెరిగాక మళ్లీ ఎండ దిగుతుంది.

కూరల్లో ఉప్పుకు త్వరగా లొంగేది బీన్స్. దాని బదులు అలసంద వేయండి, కాస్త తట్టుకుంటుంది, నత్రజనీ ఇస్తుంది. ఇసుక నేలల్లో వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగుల బెడద ఎక్కువ. బంతి వేళ్లలోని రసాయనం వాటిని చంపుతుందన్నది నిజమే. గట్టు మీద నాలుగు మొక్కలతో ఆ పని కాదు, మడి నిండా బంతి పెంచి, తర్వాత అక్కడ టమాటా వేయాలి.

గంగవాయిలి కూరను కలుపని పీకి పారేయకండి. ఉప్పును తట్టుకోవడమే కాదు, కొంత తన కాడల్లో, ఆకుల్లో దాచుకుంటుంది. పీకి అక్కడే వదిలేస్తే ఆ ఉప్పు మళ్లీ ఇసుకలోకే. కోసుకెళ్లి పప్పులో వేస్తే మడి దాటుతుంది. పప్పులో ఉప్పు మాత్రం రుచి చూసి వేసుకోండి.