ఇంజన్‌కి అన్నయ్య చొక్కా

చి. చిన్నూకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న అమెరికా నుంచి వీడియో కాల్‌లో చిన్నూ ఒకటి అడిగాడు. "రాచెస్టర్‌లో గేటు పడితే ఆగాం తాతయ్యా. ముందు ఇంజన్ నారింజ రంగులో మెరిసిపోతోంది. వెనక ఇంజన్‌కి మాత్రం పేరు ఉండాల్సిన చోట నల్లగా పూసేసి ఉంది. స్పెల్లింగ్ తప్పు రాశారా?"

తప్పేం రాయలేదురా. మా అన్నయ్య చొక్కా సంగతి చెబితే నీకే తెలుస్తుంది.

మా ఇంట్లో కొత్త చొక్కా ఎప్పుడూ అన్నయ్యకే. వాడికి బిగుతయ్యాక నాకొచ్చేది. వాడి స్కూలు వేరు, నా స్కూలు వేరు. అమ్మ జేబు మీద బ్యాడ్జీ కుట్లు విప్పి, నా స్కూలు బ్యాడ్జీ కుట్టేది. చొక్కా అంతా వెలిసిపోయినా పాత బ్యాడ్జీ కింది గుడ్డ మాత్రం ముదురు నీలంగా అలాగే ఉండేది. నా బ్యాడ్జీ చిన్నది. దాని చుట్టూ ఆ నీలం అంచు కనబడుతూ ఉండేది. క్లాసులో సగం మందివి అలాంటి చొక్కాలే కాబట్టి ఎవరూ వెక్కిరించలేదు. ఒక వానాకాలం ఆ నీలం కారి నా బనియన్‌కి కూడా అంటింది, అది వేరే కథ.

అమెరికాలో చిన్న రైలు కంపెనీలు బోలెడు. పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి నడిపి అమ్మేసిన ఇంజన్లను ఇవి కొనుక్కుంటాయి. ఒళ్లంతా రంగు వేయించాలంటే డబ్బు కావాలి, పైగా అన్ని రోజులూ ఇంజన్ ఖాళీగా షెడ్డులో ఉండాలి. అందుకే పాత పేరు మీద ఓ పట్టీ రంగు కొట్టి, తమ పొడి అక్షరాలు రాసి పనికి పంపేస్తాయి. ఎండ వాలుగా పడితే పట్టీ కింద పాత అక్షరాలు లీలగా తెలుస్తాయి.

నారింజ రంగు జెనెసీ అండ్ వయోమింగ్ అనే రైలు కంపెనీ వాళ్లది. 1899లో మీ రాచెస్టర్‌కి దక్షిణాన, రెట్సాఫ్ ఉప్పు గని కోసం పుట్టిన 14 మైళ్ల లైను అది. ఇప్పుడు వంద పైచిలుకు చిన్న లైన్లు దాని చేతిలో ఉన్నాయి. ఏది కొన్నా చివరికి నారింజ, నలుపు, పసుపు రంగులే. ఇంటిల్లిపాదికీ ఒకే తానులోంచి గుడ్డ కోయించినట్టు! కానీ వంతు రావాలిగా. 2012లో రైల్‌అమెరికా అనే కంపెనీని కొన్నాక దాని ఇంజన్లు చాలాకాలం పాత రంగుల్లోనే తిరిగాయి. నాకైతే అవే ఇష్టం. రంగు వెలిసినంత మాత్రాన లాగే బలం తగ్గదు, మీరూ పాత సైకిల్‌ని చిన్నచూపు చూడకండి.

చొక్కాకి లేని రూలు ఒకటి ఇంజన్‌కి ఉంది. డీజిల్ ఇంజన్ ఎటైనా నడుస్తుంది కదా, మరి దాని ముందు ఏది? ఆ కొస దగ్గర రెండు పక్కలా 'ఎఫ్' అక్షరం ఉండి తీరాలని అక్కడి ప్రభుత్వ నిబంధన. తమాషా ఏమిటంటే కొన్ని పాత ఇంజన్లకు డ్రైవర్ గది ఉన్న కొస వెనక, యంత్రం ఉన్న పొడుగు ముక్కు లాంటి కొస ముందు!

ఈసారి గేటు పడితే కారులోంచే 'ఎఫ్' వెతకండి. డ్రైవర్ అద్దం ముందు ముక్కు పైభాగం కూడా చూడండి. ఎండ తళుక్కున కంట్లో కొట్టకుండా అక్కడ మెరవని ముదురు రంగు వేస్తారు. ఏ రంగు వేశారో, 'ఎఫ్' ఏ కొసకుందో బుజ్జి బొమ్మ గీసి పంపాలి.

మీ తాతయ్య
వరంగల్