వాసన లేని వెల్లుల్లి రెబ్బ

వండని శాకాహారం మాత్రమే వడ్డించే రెస్టారెంటుకు వెళ్లొచ్చిన ఒక పాఠకురాలు రెండు ప్రశ్నలు పంపారు. మెనూలో "ఏదీ 48 డిగ్రీలు దాటి వేడి చేయం, ఇందులోని సజీవ ఎంజైమ్‌లు మీ జీర్ణశక్తికి తోడు" అని రాసి ఉందట, నిజమేనా అన్నది మొదటిది. అక్కడ తిన్న క్యాబేజీ సలాడ్ ముక్కు అదిరేంత ఘాటుగా ఉంటే, ఇంట్లో చేసుకున్నది గడ్డిలా ఎందుకుందన్నది రెండోది. నాకు రెండోదే ముద్దొచ్చింది. మొదటిదానికి జవాబు కూడా అందులోనే ఉంది.

ఎంజైమ్ ప్రాణి కాదు, చావడానికి. అదో ప్రొటీన్ గొలుసు, రసాయన చర్యలను వేగంగా జరిపించడం దాని పని. ఒక పద్ధతిలో మడతపడి ఉంటుంది. వేడికి ఆ మడతలు విడిపోతే పని ఆగిపోతుంది. అంతవరకు మెనూ చెప్పింది సరే. కానీ అన్ని ఎంజైమ్‌లకూ కలిపి 48 దగ్గర గీత గీసి లేదు, 60 దాటినా చెక్కుచెదరనివి ఉన్నాయి. పైగా మన కడుపులో ఉన్నది ఆమ్లం. పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 2కు అటూ ఇటూ ఉండే ఆ మడుగులో పడ్డ మొక్కల ఎంజైమ్‌లు చాలామటుకు అక్కడే చెడిపోతాయి. మిగతా ప్రొటీన్లలాగే అవీ అరిగిపోతాయి.

మరి పచ్చికూరల్లో వాటికి పనే లేదా? ఉంది, బోలెడంత. కాకపోతే ఆ పని కడుపులో కాదు, కత్తి కింద.

ఒక వెల్లుల్లి రెబ్బ పొట్టు తీసి, గాటు పడకుండా ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన దాదాపు ఉండదు. దాన్నే కత్తి చదునుతో నొక్కి నలపండి, ఇల్లంతా తెలుస్తుంది. ఆ వాసన లోపల దాక్కుని లేదు, అప్పుడే పుట్టింది. అల్లిన్ అనే పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట, మధ్యలో గోడ. గోడ కూలగానే రెండూ కలిసి, నిమిషం తిరక్కుండా అల్లిసిన్ తయారవుతుంది. కొరికే పురుగుకు మొక్క పెట్టే వాత అది. బడిలో కణం బొమ్మ వేయించి, రిక్తిక అంటే నిల్వగది అని బట్టీ పట్టించారు. ఆ గది తలుపు బద్దలైతే ఏమవుతుందో చూపించడానికి ఒక్క ఉల్లిపాయ తెచ్చిన మాస్టారు లేరు!

ఉల్లిదీ ఇదే కథ, ఒక మెలికతో. కన్నీళ్లు తెప్పించే వాయువు కూడా అల్లినేజ్ పుణ్యమే అనుకునేవారు. దానికి వేరే ఎంజైమ్ ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. 2013లో వాళ్లకు ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా వచ్చింది.

ఇక క్యాబేజీ. ఇక్కడ సరుకు పేరు సినిగ్రిన్, ఎంజైమ్ పేరు మైరోసినేజ్. కలిస్తే పుట్టేది అల్లైల్ ఐసోథయోసైనేట్, అచ్చంగా ఆవపిండి ఘాటు. తురుము ఎంత సన్నగా ఉంటే అన్ని ఎక్కువ గోడలు కూలినట్టు, అంత ఘాటు. మా పాఠకురాలు ముక్కలు పెద్దగా కోశారట. కోస్తూనే నిమ్మరసం పిండారట. రెండూ దెబ్బే. పులుపు పెరిగితే చర్య దారి తప్పి, ఐసోథయోసైనేట్‌కు బదులు ఘాటు తక్కువైన నైట్రైళ్లు ఎక్కువగా వస్తాయి. పులుపు మరీ ఎక్కువైతే అల్లినేజ్ కూడా చేతులెత్తేస్తుంది. అందుకే ఇంట్లో సన్నగా తరగండి, వెల్లుల్లి నలపండి, కాసేపు వదిలేయండి, నిమ్మకాయ జోలికి ఆ తర్వాతే వెళ్లండి. ఉప్పు వడ్డించే ముందు చాలు. ముందే వేస్తే కణాల్లోని నీరంతా బయటికి లాగేసి, కరకరలాడాల్సింది మెత్తబడుతుంది. ఘాటు వద్దనుకునేవాళ్లు తరిగిన ఉల్లిని చన్నీళ్లలో వేసి తీస్తే సరి, పుట్టిన ఘాటు చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది.

బయట తినేటప్పుడు నేనడిగేది ఒకటే: "ఇది ఎప్పుడు తరిగారు?" పొద్దున తరిగిందైతే ఆ ఘాటు ఈపాటికి గాల్లో కలిసిపోయి ఉంటుంది. డ్రెస్సింగ్ విడిగా ఇమ్మంటాను. నూనె చుక్క లేని డ్రెస్సింగైతే క్యారెట్‌లోని బీటా కెరోటిన్ సరిగ్గా ఒంటబట్టదు, కాబట్టి నూనె చూసి భయపడను.

మొలకలు మాత్రం బయట పచ్చిగా ముట్టను. గింజను తడిపి వెచ్చగా ఉంచితే మొలకే కాదు, గింజ పగుళ్లలో ఉన్న బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. కడిగినా పూర్తిగా పోదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ.కోలైతో 3,000 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. రాజ్మా అయితే ఇంకా సూటిగా చెప్పొచ్చు: అందులోని లెక్టిన్ అనే విష ప్రొటీన్ బాగా ఉడికిస్తేగానీ విరగదు, 48 డిగ్రీల దగ్గర ఆగే వంటగదిలో దానికి చోటు లేదు.

నిన్న ఆవిడ మళ్లీ రాశారు. ఈసారి సన్నగా తురిమి, పది నిమిషాలు ఆగి, ఆ తర్వాతే నిమ్మకాయ పిండారట. మొదటి ముద్దకే ముక్కు కారిందట.