చక్కెర దిగింది, అక్షరాలు అలుక్కుపోయాయి

మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "షుగర్ మాత్రలు మొదలుపెట్టి రెండు వారాలైంది. షుగర్ బాగా తగ్గింది. కానీ పేపర్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మాత్రలు నాకు పడలేదా? ఆపేయమంటారా?"

ఆపకండి. మాత్రలు రాసిన డాక్టరుకు మాత్రం ఈ మాట చెప్పండి. చూపు మసకబారడానికి చత్వారం, శుక్లాలు, కన్ను పొడిబారడం వంటివి అందరూ విన్నవే, వాటిని వల్లించను. ఈ ప్రశ్న వెనకున్న సంగతి నాకు భలే ఇష్టం.

బడిలో కంటి కటకాన్ని గాజుబిళ్లలా గీయించి వదిలేస్తాం. నిజానికది జీవకణాల పొరల ముద్ద. దానికి రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న నేత్రోదకం, అంటే కంట్లోని పలచటి ద్రవం నుంచే గ్లూకోజు అందుతుంది. ఆ గ్లూకోజు లోపలికి రావడానికి ఇన్సులిన్ కూడా అక్కర్లేదు. రక్తంలో చక్కెర పెరిగితే కటకంలోనూ పెరుగుతుంది. మామూలు దారిలో ఖర్చు కాని మిగులును ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము సార్బిటాల్‌ అనే చక్కెరలాంటి పదార్థంగా మారుస్తుంది. చిక్కంతా ఇక్కడే. సార్బిటాల్ కణం పొరను దాటి సులువుగా బయటికి పోలేదు.

ఎండుద్రాక్షను నీళ్లలో వేయండి. తొక్క నీటిని రానిస్తుంది, తీపిని అంత తేలిగ్గా పోనివ్వదు, ద్రాక్ష ఉబ్బుతుంది. చిక్కటి పాకంలో వేస్తే అంతగా ఉబ్బదు, బయట కూడా తీపే గనక. షుగర్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ కటకం పాకంలోని ద్రాక్ష. మాత్రలతో చక్కెర చప్పున దిగేసరికి పాకం పలచనవుతుంది, లోపలి సార్బిటాల్ మాత్రం అలాగే ఉంటుంది. ఇక నీరు లోపలికి చేరుతుంది. నీరు పట్టిన కటకానికి కాంతిని వంచే సత్తా తగ్గి, దగ్గరి అక్షరాలు మసకేస్తాయి. కాంతిని వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు. అందులో ఒక్కటి అటూ ఇటూ అయినా తేడా తెలిసిపోతుంది. సార్బిటాల్ మెల్లగా ఫ్రక్టోజుగా మారి, కటకం సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

అందుకే షుగర్ కుదుటపడకముందే కొత్త కళ్లజోడు చేయించుకుంటే డబ్బు దండగ. పొన్నగంటికూర తినండి, మంచిదే. కటకంలో చేరిన నీటిని మాత్రం అది తీయలేదు. కంట్లో తేనె, ఉల్లిరసం, చనుబాలు పోసే వైద్యాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం పొడిచి, ఒక కన్ను మూసి, రెండో కంటితో అందులోంచి గోడ క్యాలెండరు చూడండి. అంకెలు తేటపడితే లోపం చాలావరకు ఫోకస్‌ది. తేటపడకపోతే కటకం మసకబారిందో, రెటీనానో (కంటి వెనక బొమ్మ పడే పొర), కంటి నరమో డాక్టరే తేల్చాలి.

కొన్నిటికి మాత్రం అట్టముక్కలూ వద్దు, వేచి చూడటాలూ వద్దు. ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోతే, నొప్పి లేకున్నా, కాసేపటికి తిరిగొచ్చినా, అది పక్షవాతానికి ముందస్తు సంకేతం కావచ్చు. మాట తడబడటం, మూతి వంకరపోవడం తోడైతే 108కి ఫోన్ చేయండి. మెరుపులు, కొత్తగా నల్లటి చుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టుండటం రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చు. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే నీటికాసులు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, గ్లకోమా) కావచ్చు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో సున్నం పడితే ముందు నీళ్లతో ధారగా కడుగుతూనే ఉండి, ఆపైన ఆసుపత్రికి. మెహదీపట్నంలో సర్కారు వారి సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

షుగర్ ఉన్నవాళ్లు చూపు తేటగా ఉన్నా ఏటా రెటీనా చూపించుకోవాలి, అక్కడి దెబ్బ మొదట్లో మసకగా కూడా తెలియదు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తారు. ఆ రోజు స్కూటరు నడుపుకుంటూ వెళ్లకండి.