పిల్లల కోడింగ్ కిట్లు: తప్పు చేయనివ్వకపోతే ఏం నేర్చుకుంటారు?

"పిల్లలు ఎక్కడా ఆగకూడదు సార్, మొదటి రోజే గేమ్ అయిపోవాలి." బ్లాకులు జోడించి ప్రోగ్రాములు కట్టే సాఫ్ట్‌వేర్ డిజైన్ చేసే మాకు స్కూళ్ళ నుంచి ఎప్పుడూ వచ్చే మాట ఇదే.

అపోహ: స్టెప్పులన్నీ స్క్రీన్ మీదే చూపిస్తే త్వరగా నేర్చుకుంటారు.

వాస్తవం: త్వరగా పూర్తి చేస్తారు, అంతే. బాణం గుర్తు చూపించిన చోటల్లా బ్లాక్ పెడుతూ పోతే అది అక్కడెందుకో ఆలోచించే పనే ఉండదు. ఒక స్కూల్లో క్లాసంతా ఒకే గేమ్ చేశారు, ఒకే పిల్లి, ఒకే స్కోరు. పిల్లి ఇంకా స్పీడుగా పరిగెత్తాలంటే ఏం మార్చాలమ్మా అని ఒక పాపని అడిగితే "ఆ స్టెప్ ఇవ్వలేదు సార్" అంది. పాపం, దానిదేం తప్పు? గైడ్ ఆపేసి, 10 అడుగులు అన్నచోట 100 పెట్టి చూడమన్నాం. పిల్లి ఒక్క దూకులో అంచుకి పోయింది, క్లాసంతా ఒకటే నవ్వు, ఇక బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు.

అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన, పిల్లలు బ్లాకులతో ప్రోగ్రాములు కట్టే స్క్రాచ్‌నే చూడండి. ఆకారం కుదరని బ్లాకులు అతుక్కోవు కాబట్టి సింటాక్స్ ఎర్రర్, అంటే రాతలో తప్పు, అన్నదే రాదు, కానీ లాజిక్ తప్పు, అంటే ఆలోచనలో తప్పు, మాత్రం ఎంతైనా చేసుకోనిస్తుంది, ఏ బ్లాక్‌నైనా ఒక్కదాన్నే క్లిక్ చేసి అదేం చేస్తుందో అక్కడికక్కడే చూసుకోవచ్చు. ఏ తప్పుని ఆపాలి, దేన్ని వదిలేయాలి అన్నదే మా పనిలో అసలు తలనొప్పి. పిల్లల కోసం చేసిన ప్రోగ్రామింగ్ భాష లోగో రూపకర్తల్లో ఒకరైన సీమోర్ పాపర్ట్ నేల కిందికి ఉండాలి, కప్పు ఎత్తుగా ఉండాలి అనేవారు, అంటే మొదలెట్టడం తేలిక కావాలి, ఎంత పెద్ద పనైనా చేసుకునే వీలుండాలి. స్క్రాచ్ బృందాన్ని నడిపించిన మిచెల్ రెస్నిక్ దానికి గోడలు విశాలంగా ఉండాలని కలిపారు, అంటే ఒకడు కథ చేస్తే ఇంకొకడు లెక్కల క్విజ్ చేసుకునేంత చోటు. స్టెప్పుల కిట్లలో లేనిది సరిగ్గా అదే.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

బ్లాకులు ఆట, టైప్ చేసి రాసే పైథాన్ భాషే అసలు కోడింగ్ అంటారు. లూప్ (మళ్ళీ మళ్ళీ చేయించడం), కండిషన్ (ఇలా అయితే అలా చెయ్ అనడం), వేరియబుల్ (స్కోరు లాంటి మారే విలువని దాచుకోవడం) రెండింట్లోనూ అవే కదా!

ఫీచర్లు ఎక్కువుంటే గొప్ప కిట్ అట. 2019లో వచ్చిన స్క్రాచ్ 3.0లో పెన్, మ్యూజిక్ బ్లాకుల్ని ముందు వరసలోంచి తీసి ఎక్స్‌టెన్షన్లలో పెట్టారు.

ఇక "ఆరేళ్ళకే మొదలెట్టకపోతే వెనకబడతారు" అన్న పుకారు. దీన్ని నమ్మి అప్పు చేసి ఫీజులు కట్టిన అమ్మానాన్నల్ని చూశాను, కోపం కాదు, జాలేస్తుంది. టెన్షన్ పడకండి. స్క్రాచ్ 8 నుంచి 16 ఏళ్ళ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది, ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. 5 నుంచి 7 ఏళ్ళ వాళ్ళకి స్క్రాచ్ జూనియర్ ఉంది, చదవడం రాకపోయినా బొమ్మల గుర్తులతో నడుస్తుంది, అదీ ఉచితమే. అయినా క్లాసులో చేర్పించాలనుకుంటే డెమో రోజు మీ పిల్లాడి స్క్రీన్‌తో పాటు పక్క పిల్లల స్క్రీన్లూ చూడండి, అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటే అడ్వాన్స్ కట్టకండి.