‘అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది?’ – ఒక ప్రశ్న వెనుక 90 ఏళ్ల చరిత్ర

నిరుద్యోగం, ధరలు, నేరాలు, అవినీతి, కాలుష్యం. వీటిలో ఏది తీవ్రమైన సమస్య అని జనాన్ని అడిగి, వచ్చిన శాతాలను వరసగా పేర్చే సర్వేలు ఇవాళ అనేక దేశాల్లో జరుగుతున్నాయి. వరసలో పైనున్న సమస్య నాయకుల ప్రసంగాల్లోకి, ప్రభుత్వ కేటాయింపుల్లోకి ఎక్కుతుంది. అడుగునున్నది ఎవరి కంటా పడదు. ఇంత బరువు మోసే ఆ అంకె, ప్రశ్న వేసిన తీరును బట్టి తలకిందులు కాగలదు. ఆ సంగతి మాత్రం అంకెతో పాటు ప్రచారంలోకి రాదు.

ఈ పద్ధతికి బాట వేసినవాడు అమెరికాకు చెందిన జార్జ్ గాలప్. 1935లో ఆయన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ స్థాపించాడు. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నవాళ్లు ఎవరో వేరే చెప్పాలా? పైగా పని పెట్టుకుని బ్యాలెట్ తిప్పి పంపినవాళ్లు, పంపనివాళ్లు ఒకే రకం మనుషులు కారు. అంతకన్నా చాలా చిన్న నమూనాతో, అంటే చాలా తక్కువ మందిని అడిగి, గాలప్ రూజ్‌వెల్ట్ గెలుపును ముందే చెప్పగలిగాడు. అయితే ఆయన వాడిన కోటా పద్ధతి, అంటే ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది మగవాళ్లు అని లెక్క ఇచ్చి, మనిషిని ఎంచుకునే పని సర్వేయర్‌కే వదిలేయడం, 1948లో దెబ్బతింది: అధ్యక్ష ఎన్నికల్లో ట్రూమన్ ఓడిపోతాడని గాలప్ చెప్పాడు, ఆయన గెలిచాడు. ఆ తర్వాతే యాదృచ్ఛిక ఎంపిక వైపు, అంటే లాటరీ తీసినట్టు మనుషులను ఎంచుకోవడం వైపు, అందరూ మళ్లారు.

‘ఇవాళ దేశం ముందున్న అతి ముఖ్యమైన సమస్య ఏదని మీరనుకుంటున్నారు?’ అనే ప్రశ్నను గాలప్ సంస్థ 1930ల నుంచే అడుగుతోంది. ఇది జాబితా లేని ప్రశ్న. ఎదుటివాళ్లు ఏమంటే అది రాసుకోవాలి. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక కాగితం మీద ‘పిల్లల్ని బయటికి పంపాలంటే భయంగా ఉంది’ అని ఉందనుకోండి. దీన్ని నేరాల కింద వేయాలా, రోడ్డు ప్రమాదాల కింద వేయాలా, మాదకద్రవ్యాల కిందా? ‘దేనికి భయం?’ అని సర్వేయర్ అక్కడికక్కడే మరో మాట అడిగి ఉంటే తేలిపోయేది. అడగకపోతే కోడింగ్ చేసేవాళ్లు, అంటే జవాబులను అంశాలవారీగా విడదీసేవాళ్లు, ఊహించాల్సిందే. అందుకే ఒకే జవాబుల కట్టను ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, తేడా వచ్చినవాటిని మూడో మనిషి చూడాలి. ధరలు, నిరుద్యోగం, జీతాలు మూడింటినీ ‘ఆర్థిక సమస్యలు’ అని ఒకే డబ్బాలో వేస్తే అది మొదటి స్థానానికి వస్తుంది, విడదీస్తే మూడూ కిందికి జారతాయి. జనం అభిప్రాయం ఇసుమంతైనా మారదు, వరస మారిపోతుంది.

జాబితా ఇచ్చి అడిగితే ఈ బాధ ఉండదు కదా అనిపిస్తుంది. పరిశోధకులు హోవార్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ 1987లో ప్రచురించిన ప్రయోగం చూస్తే ఆ నమ్మకం నిలవదు. జనం అరుదుగా చెప్పే నాలుగు అంశాలను వాళ్లు ఏరికోరి తీసుకున్నారు: ఇంధన కొరత, ప్రభుత్వ బడుల నాణ్యత, గర్భస్రావాలకు చట్టబద్ధత, కాలుష్యం. జాబితా లేకుండా అడిగినప్పుడు ఈ నాలుగూ కలిపి 3 శాతం కూడా రాలేదు. ఆ నాలుగింటినీ చదివి వినిపించి, ‘ఇవి కాకపోతే మీకు తోచింది చెప్పవచ్చు’ అని స్పష్టంగా చెప్పి అడిగినా, 60 శాతం మంది వాటిలోంచే ఒకటి ఎంచుకున్నారు. బడుల నాణ్యత ఒక్కటే దాదాపు 1 శాతం నుంచి 32 శాతానికి ఎగబాకింది. జాబితా తయారుచేసేవాళ్లు సగం జవాబు ముందే రాసేస్తున్నారని దీనికన్నా గట్టిగా చూపిన ప్రయోగం మరొకటి దొరకడం కష్టం. జాబితా పెట్టక తప్పని చోట చేయదగిన మంచి పని ఒకటుంది: ముందు ఓ చిన్న సర్వేలో జాబితా లేకుండా అడిగి, జనం నోట వచ్చిన మాటలతోనే జాబితా కట్టడం. అంశాల క్రమాన్ని మనిషి మనిషికీ మార్చడమూ అంతే అవసరం. చదివి వినిపిస్తే చివరివి గుర్తుంటాయి, కాగితం మీద చూపిస్తే మొదటివాటి మీద కన్ను ఆగుతుంది.

ఒక్కో అంశానికి ‘చాలా తీవ్రం, కొంత తీవ్రం, అంత తీవ్రం కాదు’ అని గుర్తు పెట్టించడం మూడో పద్ధతి. ఇందులో తరచూ ప్రతిదీ ‘చాలా తీవ్రం’ అవుతుంది. పేదరికం తీవ్రం కాదని ఎవరంటారు?

మరి ఆ జవాబులు మనసులోకి ఎక్కడి నుంచి వస్తాయి? 1968 అధ్యక్ష ఎన్నికల వేళ అమెరికాలోని చాపెల్ హిల్ పట్టణంలో మెకోంబ్స్, షా అనే పరిశోధకులు ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను అడిగారు. వాళ్లు చెప్పిన ముఖ్య సమస్యల వరస, వార్తల్లో ఆ సమస్యలకు దొరికిన చోటు వరస దాదాపు ఒక్కటే. 1972లో వచ్చిన ఆ అధ్యయనం నుంచే ‘ఎజెండా సెట్టింగ్’ (జనం దేని గురించి ఆలోచించాలో వార్తలే నిర్ణయించడం) అన్న మాట వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త, సమస్య మీద జనం ధ్యాస పొంగి చల్లారే క్రమాన్ని అయిదు దశలుగా వివరించాడు. పరిష్కారానికి ఎంత ఖర్చవుతుందో, ఎవరు ఏం వదులుకోవాలో తెలియగానే ధ్యాస తగ్గడం మొదలవుతుందన్నది ఆయన పరిశీలన. సమస్య అలాగే ఉంటుంది.

1989 సెప్టెంబరు ఇందుకు మంచి ఉదాహరణ. అధ్యక్షుడు బుష్ మాదకద్రవ్యాల మీద టీవీలో ప్రసంగించిన కొద్ది రోజులకే ఒక సర్వేలో 64 శాతం మంది అదే దేశపు అతిపెద్ద సమస్య అన్నారు. ఆ ఊపు ఎంతోకాలం నిలవలేదు. నిజానికి మత్తుపదార్థాల వాడకం 1979లో ఉన్న స్థాయి నుంచి అప్పటికే తగ్గి ఉంది. నేరాల విషయంలోనూ ఇంతే. 1990ల నుంచి అమెరికాలో నేరాల రేటు బాగా పడిపోయినా, గాలప్ అడిగిన ప్రతిసారీ దాదాపుగా ఎక్కువమంది ‘నిరుటి కంటే పెరిగాయి’ అనే అన్నారు. ఇది జనం అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. వాళ్లు చెబుతున్నది తమ భయం గురించి, ఆ భయం నిజమే. దాన్ని నేరాల లెక్కగా చదివితేనే పొరపాటు.

ఇక వరసలో పక్కపక్కన ఉన్నవాటి మాట. 1,000 మంది యాదృచ్ఛిక నమూనాలో 14 శాతం వచ్చిన సమస్య, 12 శాతం వచ్చినదాని కన్నా ముందుందని చెప్పలేం. ఆ 2 పాయింట్ల తేడా నమూనా దోషంలోనే, అంటే అందరినీ కాక కొందరినే అడగడం వల్ల వచ్చే తేడాలోనే, కలిసిపోతుంది. అదే సర్వేలో 150 మంది యువకులను విడదీసి చూపిస్తే దోషం అటూఇటూ 8 పాయింట్ల దాకా పోతుంది. నిరుటి అంకెతో పోల్చాలంటే ప్రశ్న మాట మాటా అదే అయ్యుండాలి, ముందు వెనక ప్రశ్నలు కూడా.

1974 నుంచి ఐరోపాలో జరుగుతున్న యూరోబారోమీటర్ అనే అభిప్రాయ సర్వే ఈ చిక్కులో కొంత విప్పింది. ‘మీ దేశానికి’ ముఖ్యమైన రెండు సమస్యలు ఏవి, ‘మీకు స్వయంగా’ ముఖ్యమైనవి ఏవి అని విడివిడిగా అడిగింది. దేశం గురించి చెప్పేటప్పుడు వలసల్లాంటి, వార్తల్లో నలిగే అంశాలు పైకొస్తాయి. సొంతానికి వచ్చేసరికి అవి కిందికి దిగి, ధరలు, ఆరోగ్యం, పెన్షన్ పైకెక్కుతాయి. రెండూ ఒకే మనిషి, ఒకే పూట ఇచ్చిన జవాబులు.