24, 6, 4: మిడ్ సఫోక్ ఫలితం చదవడం ఎలా?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ సాంఘిక శాస్త్రం ప్రాజెక్టుకి వేరే దేశపు స్థానిక ఎన్నిక ఒకటి కావాలన్నారు. వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు, నేనున్న మీ అత్తవాళ్ళ ప్రాంతంలోనే చెప్పుకోదగ్గది జరిగింది. ఇంగ్లాండులో తూర్పు వైపు సఫోక్ అనే కౌంటీ (మన జిల్లాలాంటిది) ఉంది. అందులో ఒక భాగం మిడ్ సఫోక్. అక్కడి డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కి (కౌంటీకి కింది స్థాయి పాలకమండలి) 2023 మే 4న ఎన్నికలయ్యాయి. మొత్తం 34 సీట్లు. పర్యావరణమే ప్రధానమనే గ్రీన్ పార్టీకి 24, కన్జర్వేటివ్‌లకి 6, లిబరల్ డెమోక్రాట్లకి 4. లేబర్‌కి సున్నా. గ్రీన్ పార్టీ బ్రిటన్‌లో ఒక కౌన్సిల్‌ని సొంత మెజారిటీతో గెలవడం అదే మొదటిసారి. కానీ మే 6న చార్లెస్ రాజు పట్టాభిషేకం పడింది. పేపర్లన్నీ కిరీటం బొమ్మలే వేసుకుంటే ఈ వార్తకి చోటెక్కడిది?

మీరు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, "అయితే అక్కడ ప్రభుత్వం మారిందా తాతయ్యా?" అని. మారలేదు. ఇది లక్ష పైచిలుకు జనాభా ఉన్న చిన్న ప్రాంతం. స్టోమార్కెట్, నీడమ్ మార్కెట్, ఐ (అవును, ఊరి పేరే అంత!) లాంటి చిన్న పట్నాలు, వాటి చుట్టూ గోధుమ, బార్లీ చేలు, పల్లెలు. ఈ కౌన్సిల్ చేతిలో ఉండే పనులు చెప్తే మీకు నవ్వొస్తుందేమో. ఇంటింటి చెత్త ఎత్తించడం, కొత్త ఇళ్ళకి అనుమతులివ్వడం, ఇల్లు లేనివాళ్ళకి నీడ చూపించడం, ఈత కొలనుల్లాంటివి నడపడం. బడులు, రోడ్లు, గ్రంథాలయాలు, ముసలివాళ్ళ సంరక్షణ దీని పైనున్న సఫోక్ కౌంటీ కౌన్సిల్‌వి. కింద ఊరికో పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీలాంటిది) కూడా ఉంటుంది. చెత్త బండి రాకపోతే డిస్ట్రిక్ట్‌కి చెప్పాలి. ఆ బండి గుంతలో పడితే కౌంటీకి చెప్పాలి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకే ఇది సరిగా తెలియదు. మీకు తికమకగా ఉంటే సిగ్గుపడకండి.

పన్ను సంగతి ఇంకా విడ్డూరం. కౌన్సిల్ ట్యాక్స్ వసూలు చేసేది డిస్ట్రిక్టే. అందులో చాలా భాగం కౌంటీకీ పోలీసులకీ పోతుంది, తనకి మిగిలేది చిన్న ముక్క. ఏ ఇంటికి ఎంత పన్నో 1991లో ఆ ఇంటి ధరని బట్టి తేలుస్తారు. ఆ తర్వాత కట్టిన ఇల్లయినా సరే, 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో ఊహించి లెక్క వేస్తారు! ఆఫీసు ముచ్చట కూడా చెప్పాలి. 2017లో దాన్ని నీడమ్ మార్కెట్ నుంచి ఇప్స్‌విచ్‌కి మార్చారు. ఇప్స్‌విచ్‌కి వేరే కౌన్సిల్ ఉంది. అంటే తన సరిహద్దు అవతల కూర్చుని పాలించే కౌన్సిల్ ఇది.

పోలింగు రోజు సంగతులు మీకు బాగా నచ్చుతాయి. ఎప్పుడూ గురువారమే, పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా. బడిలోనో చర్చి హాల్లోనో పోలింగు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పోలింగ్ డ్యూటీలు చేసినవాణ్ణి గనక నేను ఇలాంటివి పట్టి పట్టి అడుగుతాను. వేలికి సిరా చుక్క లేదు. ఈవీఎం లేదు. కాగితం బ్యాలెట్, దారం కట్టిన పెన్సిల్. నచ్చినవాళ్ళ పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టడమే. మన పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ కాగితమే అయినా రబ్బరు ముద్ర వేస్తాం కదా, పెన్సిల్ అంటే నాకు మొదట మింగుడుపడలేదు. చెరిపేయరా అంటే మీ అత్త నవ్వింది. కావాలంటే సొంత పెన్ను తెచ్చుకోవచ్చట. కౌన్సిల్ ఎన్నికకి డిపాజిట్ కూడా కట్టక్కర్లేదు, కాబట్టి గల్లంతవడం అనే మాటే లేదు. పల్లెల్లో ఒక్కోచోట ఒక్కరే నామినేషన్ వేస్తారు, అప్పుడు మనలాగే ఏకగ్రీవం.

2023లో ఒక కొత్త నిబంధన వచ్చింది. ఇంగ్లాండులో స్థానిక ఎన్నికలకి ఫొటో గుర్తింపు కార్డు చూపించడం అప్పుడే మొదలు. కార్డు లేక వెనక్కి వెళ్ళి మళ్ళీ రానివాళ్ళు ఇంగ్లాండు మొత్తమ్మీద దాదాపు 14,000 మంది అని ఎన్నికల కమిషన్ లెక్క. పెద్దవాళ్ళ ఉచిత బస్ పాస్ చెల్లింది, కుర్రవాళ్ళ రైలు కార్డు చెల్లలేదు. దీని మీద పెద్ద గొడవే జరిగింది, జరగాల్సిందే అని నా అభిప్రాయం. ఇంతా చేసి ఆ ఏడాది ఓటేసింది నూటికి 32 మంది. మన ఊళ్ళో సర్పంచ్ ఎన్నికకి ఎంత మంది వెళ్తారో మీ నాన్నని అడిగి పక్కన రాసుకోండి.

ఇక లెక్కింపు. ముందు ప్రతి పెట్టెలో కాగితాలెన్ని ఉండాలో అన్ని ఉన్నాయా అని సరిచూస్తారు. ఎవరికెన్ని అన్నది ఆ తర్వాతే. మిడ్ సఫోక్‌లో కొన్ని వార్డులకి ఒక్కరు, కొన్నింటికి ఇద్దరు సభ్యులు. ఇద్దరున్నచోట ఓటరు రెండు గుర్తులు పెట్టొచ్చు. రెండూ ఒకే పార్టీకి వేసిన కాగితాలని ఒక కట్టగా పెడతారు, అవి తొందరగా తేలిపోతాయి. ఒకటి ఇటు, ఒకటి అటు వేసినవాటితోనే పని. ఒక్కో కాగితం చదువుతూ పట్టికలో గీతలు గీసుకుంటూ పోవాలి. ఫలానా పార్టీ నచ్చకపోయినా ఫలానా మనిషి మంచిది అని ఊరు అనుకుందా లేదా అన్నది ఆ కట్టలోనే కనిపిస్తుంది. అనుమానం కాగితాలని రిటర్నింగ్ ఆఫీసరు ఏజెంట్ల ఎదుటే తేలుస్తారు. ఇంటూకి బదులు నవ్వు మొహం గీసినా, ఎవరికి వేశారో స్పష్టంగా ఉంటే ఓటు చెల్లుతుంది. సంతకం పెట్టారా, చెల్లదు. ఓటు రహస్యం పోయినట్టే కదా.

సమానంగా వస్తే మనకీ వాళ్ళకీ ఒకటే దారి, లాటరీ. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీలో, సౌత్ బ్లైత్ వార్డులో లిబరల్ డెమోక్రాట్‌కీ కన్జర్వేటివ్‌కీ సమానంగా వచ్చాయి. పుల్లలు లాగించారు. లిబరల్ డెమోక్రాట్ గెలిచారు. కన్జర్వేటివ్‌లకి 67లో 33 దగ్గర ఆగిపోయింది, మెజారిటీకి ఒక్కటి తక్కువ! పుల్ల రెండోదొచ్చి ఉంటే కౌన్సిల్ మొత్తం వాళ్ళదే.

మళ్ళీ మన 24కి వద్దాం. 34లో 24 అంటే సీట్లలో నూటికి 70. ఓట్లలోనూ 70 అని ప్రాజెక్టులో రాసేయకండి. వార్డులో ముందున్నవాడిదే సీటు, రెండో స్థానంలో ఉన్నవాడి ఓట్లకి సీటు రాదు. తరతరాలుగా కన్జర్వేటివ్‌లని నమ్మిన పల్లెలు గ్రీన్ వైపు ఎందుకు తిరిగాయంటే, దేశమంతా అప్పుడు ఆ పార్టీ మీద కోపంగా ఉంది. అంతకు ముందు సెప్టెంబరులో, అదే పార్టీకి చెందిన ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం పెట్టిన మినీ బడ్జెట్ దెబ్బకి ఇళ్ళ అప్పుల వడ్డీలు పెరిగాయి. దేశం మొత్తమ్మీద ఆ రోజు కన్జర్వేటివ్‌లు వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకున్నారు. కానీ కోపం ఒక్కటే అయితే ఆ ఓట్లు అప్పటి ప్రధాన ప్రతిపక్షం లేబర్‌కి పడాలి కదా? ఇక్కడ గ్రీన్‌లు 2019లోనే 12 సీట్లు తెచ్చుకున్నారు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి కరపత్రాలు పంచారు, ఎవరి ఇంటి ముందు ఏ సమస్యో పేరు పెట్టి చెప్పగలిగేవారు. పైగా అదే రోజు దక్షిణాన ఉన్న బ్రైటన్ నగరంలో, అక్కడ పాలిస్తున్న గ్రీన్‌లని జనం 7 సీట్లకి దించేశారు. 54లో 38 లేబర్‌కి పోయాయి. ఒకే పార్టీ, ఒకే రోజు, రెండు తీర్పులు. అందుకే "గ్రీన్ గాలి వీచింది" అని రాసిన పేపర్ల మీద నాకు పెద్దగా నమ్మకం కలగదు.

గెలిచాక ఆండీ మెల్లన్ కౌన్సిల్ లీడర్ అయ్యారు. అసలు తమాషా అక్కడ మొదలవుతుంది. ఈ పల్లెల్లో జనాన్ని మండించే విషయం నారిచ్ నుంచి టిల్బరీ దాకా నేషనల్ గ్రిడ్ అనే కరెంటు లైన్ల కంపెనీ వెయ్యాలనుకుంటున్న హై టెన్షన్ లైను. ఉత్తర సముద్రంలో గాలిమరల కరెంటుని దక్షిణానికి తెచ్చే లైను అది, దాదాపు 180 కిలోమీటర్లు. పొలాల మధ్య పెద్ద పెద్ద టవర్లు వస్తాయి. గాలి కరెంటు కావాలనేది గ్రీన్ పార్టీ. ఆ కరెంటు టవర్లు మా పొలాల్లో వద్దు, వేరే దారి చూడండి అనేది ఆ పార్టీకి ఓటేసిన ఊళ్ళు. 2024లో ఈ పక్క వేవనీ వ్యాలీ నుంచి పార్లమెంటుకి గెలిచిన గ్రీన్ పార్టీ నాయకుడు ఏడ్రియన్ రామ్సే ఈ లైను విషయంలో కాస్త ఆగమన్నందుకు జాతీయ పేపర్లలో బోలెడు మాటలు పడ్డారు. ఇంతకీ దీని మీద తుది నిర్ణయం ఎవరిది? లండన్‌లో మంత్రిది. దేశస్థాయి నిర్మాణాలకి 2008 చట్టం పెట్టిన దారి అది. 24 సీట్లు గెలిచిన కౌన్సిల్ తన అభిప్రాయం రాసి పంపగలదు, అంతే. ఎన్నికలో జనం దేని గురించి మాట్లాడుకున్నారో, గెలిచినవాళ్ళ చేతిలో ఏముందో రెండు గడులు గీసి పక్కపక్కన రాయండి. మీ ప్రాజెక్టుకి మార్కులు అక్కడ పడతాయి.

ఇంకో మెలిక. 1974లో పుట్టిన ఈ కౌన్సిల్‌కి ఇక రోజులు దగ్గరపడ్డాయి. కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండంచెలున్న చోట్లన్నీ ఒకే అంచె చేస్తామని లండన్ ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. సఫోక్ ఆ జాబితాలో ఉంది. మొదటి గ్రీన్ మెజారిటీ కౌన్సిల్‌ని ఓటర్లు ఓడించకుండానే తీసేస్తారన్నమాట. ఖర్చు తగ్గుతుందని వాళ్ళ వాదన. నాకు మాత్రం, ఫోన్ చేస్తే పలికే కౌన్సిలరు ఇంకాస్త దూరం జరుగుతారేమోనని ఉంది.

ఒక పని చేసి పెట్టండి. లీసెస్టర్‌లో ఎమ్మెస్ చదువుతున్న మీ అన్నయ్యకి ఫోన్ చేసి, ఓటరుగా నమోదు చేసుకున్నాడా అని అడగండి. మన దేశం కామన్వెల్త్‌లో ఉంది గనక అక్కడ వీసా మీద నివాసముండే భారతీయులకి కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. మన పాస్‌పోర్టే గుర్తింపు కార్డుగా చెల్లుతుంది. వాడికి ఈ సంగతి తెలియదనే నా అనుమానం. ఇంకో మాట, ఓటు వయసుని 16కి దించుతామని ఇక్కడి ప్రభుత్వం 2025 జులైలో చెప్పింది. మీ అత్త కూతురు అప్పట్నించీ మమ్మల్ని నిలబెట్టి ఉపన్యాసాలిస్తోంది.

పట్టిక గీశాక ఫొటో తీసి పంపండి, లెక్కలు సరిచూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య